ఎడమ చెంప

ఆళ్లగడ్డ,
జూన్ 11.

ప్రసన్నకు,

నువ్వు బస్సెక్కి వారమైంది. క్షేమంగా చేరినట్టు మీ చెల్లెలు జ్యోత్స్న చెప్పింది. వాపుకు నోరు సరిగా తెరుచుకోవడం లేదని కూడా అన్నది. ఫోనులో మాట్లాడి నొప్పి తెచ్చుకోవద్దు. మన వీధిలో సిగ్నల్ కూడా అంతంత మాత్రమే. అందుకే రాస్తున్నాను.

ఇక్కడి సంగతులు. సోమవారం యార్డులో నల్లరాయి దిగింది. మంగళవారం ఒక నంది పాలిష్‌కు వచ్చింది. బుధవారం కరెంటు లేక కోత మిషను తిరగలేదు, కూర్చుని పాత లెక్కలు సరిచూశాను. గురువారం వాన. నువ్వు పెట్టిన బీరపాదు పందిరి ఎక్కింది. రెండు పూలు పూసింది.

సంగటికి ఒక్కడికి ఎంత ఎసరు పెట్టాలో తెలియడం లేదు. ఎంత తగ్గించినా ఇద్దరికి అవుతోంది. మిగిలింది పొద్దున మజ్జిగలో పిసుక్కుంటున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక నంద్యాలకు వస్తాను. ఏం తేవాలో రాయి.

సంజీవయ్య


నంద్యాల,
జూన్ 17.

బావా,

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చి ఇస్తే జ్యోత్స్న వాకిట్లోనే మొదలుపెట్టింది. "యాడన్నా ఉందా ఈ చోద్యం? గంట బస్సు దూరానికి జాబులేందక్కా? బావ ఫోను బాయిలో పడిందా ఏంది?" అని. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే ఎడమ పక్క లాగుతుంది.

అది ఉత్తరమా, యార్డు లెక్కల పుస్తకమా? సోమవారం రాయి, మంగళవారం నంది. ఏ వారం నేను గుర్తొచ్చానో రాయలేదు. సంగటి దగ్గరికి వచ్చేసరికి కాస్త తెలిసిందిలే.

ఆదివారం రావద్దు. కోపంతో కాదు. నా ముఖం ఇప్పుడు నువ్వు చూడదగినట్టు లేదు. బాగయ్యాక నేనే వస్తాను.

చెంప చూపించుకుంటున్న ఇక్కడి డాక్టరమ్మ మంచిదే. మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. శిరివెళ్ల దగ్గర ఆటో తిరగబడడం, ఎడమ చెంప లోపలికి పోయి గుంత పడడం, మరుసటేడు కర్నూలులో ఆ అందాల క్లినిక్కుకు పోయి ఆ గుంతలో మందు నింపించుకోవడం. "అది మందు కాదమ్మా, ఫిల్లర్ అంటారు. కరిగిపోయే రకాలూ ఉన్నాయి. మీకు ఎక్కించింది కరగని రకం, ప్లాస్టిక్ లాంటిది" అన్నది. నాకు ఇన్నేళ్లు మందనే తెలుసు.

ఒంట్లోకి పరాయి వస్తువు ఏది వచ్చినా దాన్ని తినేయడానికి కొన్ని కణాలు పోతాయట. ముల్లు గుచ్చుకుంటే చీము పట్టేది అందుకేనట. ఇది వాటికి తినడానికి రాలేదు. బయటికి నెట్టడానికీ రాలేదు. అప్పుడవి ఒకదానితో ఒకటి అతుక్కుని, దాని చుట్టూ గోడ కట్టాయట. "గోడ లోపల ఇన్నాళ్లు గమ్మునే ఉండింది. మొన్న మీ దవడ పన్ను చీము పట్టిందే, ఆ గలాటాకు మీ ఒళ్లు మళ్లీ లేచి దాని మీదికి పోతోంది" అన్నది. పన్ను పీకించుకున్నాక వాపు ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది.

చేత్తో తడిమితే మూడు గడ్డలు తెలుస్తాయి. మాత్రలు ఇచ్చింది.

బీరకాయలు ముదరనీయకు.

ప్రసన్న


ఆళ్లగడ్డ,
జూన్ 26.

ప్రసన్నకు,

రావద్దన్నావు కాబట్టి రాలేదు. ఆదివారం ఇంట్లోనే ఉన్నాను.

నీ ఉత్తరంలోని సంగతి యార్డు యజమాని ఆదినారాయణన్నకు చెప్పాను. ఆయన ఉలి కింద పెట్టి విన్నాడు. "ఏముందప్పా, రాతిలో పెట్టిన అతుకు పైకి తేలినట్టే గదా" అన్నాడు. నాకూ అదే తోచింది. నీకు తెలిసిందే, రాతిలో గుంత గానీ పగులు గానీ బయటపడితే లక్క కరిగించి రాతిపొడి కలిపి నింపుతాం. ఎండలకు ఒక్కోసారి అది ఉబ్బుతుంది. అప్పుడు వేడి చూపించి మెత్తబడ్డాక బొటనవేలితో అంచుల నుంచి లోపలికి నొక్కుకుంటూ వస్తే సమానంగా దిగిపోతుంది. ఇన్నేళ్లలో ఎన్నింటికి చేశానో.

నువ్వు గుడ్డ వేడి చేసి కాపడం పెట్టు. మెత్తబడ్డాక అంచుల నుంచి మెల్లగా నొక్కు. పొద్దున, సాయంత్రం. నేను పక్కనుంటే నేనే చేసేవాణ్ణి. నా వేలికి ఎంత బలం పెట్టాలో తెలుసు.

మొన్న అన్నం తిని లేచి, నీ చేతికి అందేలా చెంబు నీ పీట పక్కన పెట్టాను. పెట్టాక చూసుకున్నాను.

సంజీవయ్య


నంద్యాల,
జూలై 9.

బావా,

వానలు బాగా పడుతున్నాయి. జ్యోత్స్న నాకు పనేమీ చెప్పడం లేదు, ఊరికే కూర్చోబెడుతోంది. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను, కాపడం, నొక్కడం. నువ్వే నొక్కుతున్నట్టు అనుకుంటాను.

ఎక్కువ రాయలేను. తల వంచితే చెంప బరువుగా ఉంటోంది.

ప్రసన్న


ఆళ్లగడ్డ,
జూలై 22.

ప్రసన్నకు,

ఒక సంగతి దాచకూడదని రాస్తున్నాను. శుక్రవారం లారీలో విగ్రహం వేసుకుని నంద్యాలకు వచ్చాను. దించాక డ్రైవరు భోజనానికి పోయాడు. నేను నడుచుకుంటూ మీ వీధి చివరికి వచ్చాను. జ్యోత్స్న ఇంటికి ఎదురుగా కాస్త అవతల టీ అంగడి ఉంది కదా, అక్కడ బల్ల మీద కూర్చున్నాను.

మిద్దె మీద నీ చిలకపచ్చ చీర ఆరేసి ఉంది. ఒక అంచు తీగ మీద నుంచి జారి గోడకు తగులుతోంది. నువ్వు వచ్చి సరిచేస్తావేమో అని చూశాను. జ్యోత్స్న వచ్చి తీసుకుపోయింది. అంగడాయన "ఎవరి కోసరం అన్నా?" అన్నాడు. లారీ కోసం అన్నాను.

రావద్దని నువ్వు చెప్పాక తలుపు తట్టడం బాగుండదు. అందుకే తట్టలేదు. తిరుగు దారిలో శిరివెళ్ల దాటేదాకా లారీలో వెనక్కి తిరిగి కూర్చున్నాను.

పందిరికి బీరకాయలు ముదిరిపోయాయి. నీళ్లు కట్టానే తప్ప కోయడం మరిచాను.

సంజీవయ్య


నంద్యాల,
ఆగస్టు 6.

బావా,

వీధి చివరిదాకా వచ్చి తిరిగిపోయావా! ఆ శుక్రవారం నేను ఆ ఇంట్లో లేను. ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాను. నువ్వు తలుపు తట్టి ఉంటే జ్యోత్స్న చెప్పేది. తట్టలేదు.

నీకు బాధ కలుగుతుందని రాయకూడదనుకున్నాను. కానీ నువ్వు దాచకూడదని రాసినప్పుడు నేను దాచడం బాగుండదు. కాపడం పెట్టి నొక్కిన రెండు వారాలకు చెంప ఎర్రబడి, తోలు పలచబడి, ఒకచోట పగిలింది. చలిజ్వరం వచ్చింది. డాక్టరమ్మ చూసి కేకలేసింది. "ఎవరు నొక్కమన్నారమ్మా? అసలే ఒళ్లు దాని మీద మండిపోతుంటే, దాన్ని కెలికి కెలికి చూపిస్తారా? లోపల గోడ చిట్లింది" అన్నది. నేను నీ పేరు చెప్పలేదు. జ్యోత్స్న చెప్పేసింది. "మా బావ రాళ్లు చెక్కే మనిషి మేడమ్. మా అక్క మొగాన్ని గూడా బండే అనుకున్యాడు" అని.

ఇప్పుడు జ్వరం లేదు. పగిలినచోట మానుతోంది. ఒక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది నా కండే, కానీ నా కండ ఒక్కటే కాదట. ఆ పదార్థం చిన్న చిన్న పూసల్లాగా కండ పోగుల్లోకి పోయింది. ఒక్కో పూస చుట్టూ నా ఒళ్లు అల్లుకుంది. ఇప్పుడు అది వేరు, నేను వేరు అని తీయడానికి లేదు. "సంగట్లో నుంచి నూకలు ఏరమన్నట్టు" అని జ్యోత్స్న అంటే డాక్టరమ్మ కూడా ఔనన్నది.

రెండు దారులు చెప్పింది. గడ్డల్లోకి సూదులు వేస్తూ పోతే మెత్తబడవచ్చు. పూర్తిగా పోవు. లేదంటే కోసి తీయడం. చాలావరకు పోతుంది, కానీ నవ్వే నరం ఆ గడ్డల మధ్య నుంచే పోతోంది. అది తెగితే ఎడమ పక్క పెదవి కదలదు. ఏ సంగతో నెల తిరిగేలోపు చెప్పమంది.

నేను కోయించుకుందామనే అనుకుంటున్నాను. ఎందుకో నీకు తెలియాలి.

ఆటో తిరగబడక ముందు సాయంత్రాలు మనం ఇంటి మెట్ల మీద కూర్చునేవాళ్లం. నువ్వు ఎప్పుడూ నాకు ఎడమ పక్కన. పెళ్లైనప్పటి నుంచి అంతే. నేను కుట్లతో ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు నువ్వు పక్క మార్చావు. నా కుడి పక్కకు వచ్చి కూర్చున్నావు. బస్సులో అంతే, చాప మీద అన్నం దగ్గర అంతే. నేను కావాలని అటు జరిగితే నువ్వు లేచి ఇటు వచ్చేవాడివి. ఆ పక్క నుంచి నేనేమైనా అంటే పలికేవాడివి కూడా కాదు. గుంత పడిన చెంప చూడలేకపోతున్నావని నాకు అర్థమైంది. నిన్ను అడగలేదు. అడిగితే నిజం చెబుతావేమోనని భయం. కర్నూలుకు పోయి నింపించుకొచ్చాను. చెంప నిండింది గానీ నువ్వు పక్క మారలేదు.

అతుకు పడ్డ విగ్రహాన్ని గుడికి ఇవ్వరు, పార్కులకు అమ్ముతారని నువ్వే చెప్పావు ఒకసారి. ఆ మాట నాకెందుకు చెప్పావో అని చాలా రోజులు ఆలోచించాను.

ప్రసన్న


ఆళ్లగడ్డ,
ఆగస్టు 19.

ప్రసన్నకు,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాకు రాయడం నేర్పినవాళ్లు లేరు. అంగడి బోర్డులు చూసి, పాటల పుస్తకం చూసి నేర్చుకున్నాను. లెక్క రాయడం వస్తుంది. ఇలాంటిది రాయడం రాదు. వచ్చినట్టు రాస్తాను.

నా కుడి చెవి వినపడదు.

నువ్వు కుట్లతో ఇంటికి వచ్చిన ఆ నెలలోనే యార్డులో పెద్ద కోత మిషను పెట్టారు. రాయిని చూస్తూ నిలబడితే బ్లేడు కుడి చెవి దగ్గర తిరుగుతుంది. దూది పెట్టుకున్నాను. మొదట హోరు వచ్చింది, తర్వాత ఆ హోరు కూడా పోయింది. మిషను మీద నుంచి తీసేస్తారని ఆదినారాయణన్నకు చెప్పలేదు. నీకు చెబితే నువ్వే మాన్పిస్తావని నీకూ చెప్పలేదు.

నువ్వు ఎడమ చెవి వైపు ఉంటేనే నీ మాట తెలుస్తుంది. అందుకే పక్క మారాను. నీ మాట వినడానికి మారాను, ప్రసన్నా. నువ్వు అటువైపు నుంచి ఏమన్నావో, నేను ఎన్నిసార్లు పలకలేదో ఇప్పుడు తలుచుకుంటే అన్నం లోపలికి పోవడం లేదు.

వేసవి నుంచి ఎడమది కూడా తగ్గుతోంది. ఎదురుగా మనిషి ఉంటే పెదవులు చూసి పట్టుకుంటాను. ఫోనులో పెదవులు ఉండవు. నువ్వు వెళ్లిన రోజు జ్యోత్స్న చెప్పింది కూడా సగం ఊహించుకున్నదే. సిగ్నల్ బాగానే ఉంటుంది. లేదని నేనే రాశాను.

నీ చెంప చూడలేదనుకున్నావు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, కుడి పక్కకు ఒత్తిగిలి పడుకునేదానివి. ఎడమ చెంప పైకి ఉండేది. ఎండాకాలం ఆ గుంతలో చెమట నిలిచేది. నేను తువ్వాలు కొసతో అద్దేవాణ్ణి. నువ్వు లేచేదానివి కావు. ఒకసారి మాత్రం నిద్రలోనే "ఏందీ" అన్నావు. ఏం లేదన్నాను. నువ్వు కర్నూలు నుంచి వచ్చాక ఆదివారం చూస్తే చెమట నిలవకుండా జారిపోయింది. నాకు చేయడానికి పని లేకపోయింది. ఆ రోజు నువ్వు "ఎట్లుంది?" అని అడిగావు. బాగుందన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

అతుకు విగ్రహం మాట ఎందుకు చెప్పానో కూడా అడిగావు. ఆ రోజు యార్డులో జరిగింది చెప్పాను, అంతే. నీకు తగులుతుందని తోచలేదు. తోచవలసింది.

నొక్కమన్నది నా తప్పు. రాయికి తన గుంతలో ఏం పెట్టారో పట్టదు. వందేళ్లైనా లక్క లక్కే, రాయి రాయే. ఒళ్లు అట్లా కాదని నాకు తెలియలేదు. తెలియని పని చెప్పి నీ తోలు పగలగొట్టాను.

కోయించుకోవడం గురించి నేను ఏమీ చెప్పను. ఒకసారి చెప్పి చూశాం. ముఖం నీది. నా కోసమే అయితే మాత్రం వద్దు. కోసినా, కోయకపోయినా, నువ్వు ఇంటికి రావాలి. ఈ ఒక్క మాట రాయడానికి పది రోజులు పట్టింది.

సంజీవయ్య


నంద్యాల,
ఆగస్టు 27.

బావా,

నీ ఉత్తరం జ్యోత్స్నకు చూపించకూడదనుకున్నాను. నేను ఏడుస్తుంటే లాక్కుని చదివేసింది. చదివి కాగితం మడిచి నా ఒళ్లో పడేసింది. తర్వాత మొదలుపెట్టింది. "ఈ మనిషి నోరు తెరిస్తే ముత్యాలేమన్నా రాల్తాయా? నాలుగేండ్లు! నాకు చెవుడే ఆడదానా అని ఒక్క మాట చెప్పుంటే నీ మొగం నీకు మిగిలుండేది గదక్కా!" నేను నిన్ను వెనకేసుకొచ్చాను. "నువ్వేం తక్కువా? నువ్వన్నా అడిగినావా? చెవిటోడు ఆయప్ప, మూగదానివి నువ్వు. సరిపొయ్యినారు పో" అన్నది. వంటింట్లోకి పోయి అది కూడా ఏడ్చింది.

నాకు నీ మీద చాలా కోపం ఉంది. కోపం పోయాక రాస్తాను.

డాక్టరమ్మకు మాత్రం చెప్పేశాను. కోయవద్దు, సూదులే వేయండి అని. ఎందుకు మనసు మారిందని అడిగింది. నా పెదవులు చూసి మాట పట్టుకునే మనిషి ఇంట్లో ఉన్నాడు, పెదవి కదలకపోతే ఆయనకు కష్టమన్నాను. ఆమె సూదులకు చీటీ రాసింది.

ప్రసన్న


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 30.

ప్రసన్నకు,

కోపం ఇంకా పోనట్టుంది. నేనే రాస్తున్నాను.

ఆదినారాయణన్నకు చెవి సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. "నాకు తెల్దనుకున్నావా అప్పా? వెనకమాల నుంచి పిలిస్తే పలకవు, ముందరికొస్తే నవ్వుతావు. పొగరనుకున్యా మొదట్లో" అన్నాడు. మిషను మీద నుంచి తీసేశాడు, యార్డులో నుంచి కాదు. ఇప్పుడు శిలాఫలకాల మీద అక్షరాలు చెక్కుతున్నాను. చేతి ఉలి పని. సాయంత్రం లెక్కలు ఎప్పటిలాగే.

చెవి డాక్టరు దగ్గరికి కూడా పోయాను. కుడిది రాదు. ఎడమదానికి మిషను పెడితే ఉపయోగం ఉంటుందన్నాడు. కొలత తీసుకున్నారు, చేసి పంపడానికి మూడు నెలలు పడుతుందట. ఒంట్లో పరాయి వస్తువు పెట్టుకోవడం ఇప్పుడు నా వంతు. అలవాటయ్యేదాకా చెవి దురద పెడుతుందని చెప్పాడు. పెట్టనీ.

నీ గొంతు ఎట్లుండేదో తలుచుకుంటూ ఉంటాను. మాటలు గుర్తున్నాయి. గొంతు ఒక్కోరోజు గుర్తుకొస్తుంది, ఒక్కోరోజు రాదు. మిషను వచ్చాక వినే మొదటి గొంతు జ్యోత్స్నది కాకుండా ఉంటే బాగుండును. ఆమెకు చెప్పవద్దు.

సూదులు నొప్పిగా ఉంటున్నాయా?

సంజీవయ్య


నంద్యాల,
నవంబరు 12.

బావా,

చెప్పేశాను. జ్యోత్స్న నిన్ను తిట్టిన తిట్లు రాయడానికి ఈ కాగితం చాలదు. తిడుతూనే నీకు వేరుశనగ ఉండలు చుడుతోంది.

సూదులు నొప్పే. కంట్లో నుంచి నీళ్లు వస్తాయి. కానీ పనిచేశాయి. రెండు గడ్డలు మెత్తబడి లోపలికి పోయాయి. దవడ దగ్గరిది ఒకటి చింతగింజంత మిగిలింది, పైకి తెలుస్తుంది. పగిలిన చోట మచ్చ నల్లగా ఉంది. సూదులు వేసిన చోట తోలు కాస్త పలచబడి మళ్లీ చిన్న పల్లం పడింది. ఎప్పుడైనా పన్నో జలుబో వస్తే మళ్లీ వాచవచ్చు, అప్పుడు ఆలస్యం చేయకుండా రమ్మని డాక్టరమ్మ చెప్పింది. "ఇది మీతోనే ఉంటుందమ్మా. మీ ఒళ్లు దానితో సర్దుకుంది, మీరూ సర్దుకోవాలి" అన్నది. నిన్న అద్దం ముందు చాలాసేపు కూర్చున్నాను. ముందున్న ముఖం కాదు. గుంత ఉన్నప్పటి ముఖమూ కాదు. ఇది మూడోది.

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. నువ్వు ఆళ్లగడ్డ బస్టాండుకు రా. యార్డుకు సెలవు పెట్టు.

ఎట్లా కనబడాలా అని చాలా ఆలోచించాను. బస్సు దిగి, జనంలో కలిసి, నీ వెనక నుంచి వచ్చి, "బావా" అని పిలుద్దామనుకున్నాను. నువ్వు ఇటు తిరిగేలోపు కొంగు చెంప మీదికి లాక్కోవచ్చని. రాత్రి తట్టింది. నీ చెవి మిషను ఇంకా రాలేదు. వెనక నుంచి ఎంత పిలిచినా నీకు వినపడదు.

ఎదురుగానే వస్తాను.

ప్రసన్న